బుధవారం, రెండు కంపెనీల హీరోలు

ఉదయమంతా మీటింగులతోనే సరిపోయింది. సాయంత్రం ఇంటికొస్తూ కామిక్స్ షాపు దగ్గర ఆగాను. ఇక్కడ అమెరికాలో కొత్త కామిక్స్ షాపుల్లోకి వచ్చేది బుధవారమే. నేను ఈ ఊరు వచ్చిన కొత్తలో బుధవారం సాయంత్రం కౌంటర్ దగ్గర నిలబడడానికి చోటు దొరికేది కాదు. ఇవాళ నేనూ, ఇంకో పెద్దాయనా, షాపు ఓనరూ తప్ప ఎవరూ లేరు. గోడ మాత్రం నిండుగానే ఉంది. దగ్గరికెళ్లి చూస్తే చాలావరకు ఒకే పుస్తకం, రకరకాల కవర్లతో.

2025లో వచ్చిన బ్యాట్‌మ్యాన్, డెడ్‌పూల్ కలిసిన సంచిక కొన్నాను. ఒకరు డీసీ హీరో, ఇంకొకరు మార్వెల్ హీరో. పోటీ కామిక్స్ కంపెనీలైన మార్వెల్, డీసీ ఇలా కలిసి కథ చెప్పి ఇరవై ఏళ్లు దాటింది. కారులోనే సగం చదివేశాను. బాగుంది. కానీ ఈ రాత్రి మనసంతా పాత పుస్తకాల మీదే ఉంది.

చిన్నప్పుడు ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల్లో వెతికేవాణ్ణి. అక్కడే దొరికింది, 1976 నాటి సూపర్‌మ్యాన్, స్పైడర్‌మ్యాన్ పుస్తకం. మామూలు కామిక్ కంటే బాగా పెద్ద సైజు. అట్ట చిరిగిపోయి ఉన్నా వదలబుద్ధి కాలేదు. జెర్రీ కాన్వే రాస్తే రాస్ ఆండ్రూ గీశాడు. ఇద్దరూ రెండు కంపెనీల్లోనూ పనిచేసినవాళ్లే, అందుకే ఏ హీరోకీ అన్యాయం జరగలేదు. ఎన్టీఆర్, ఏఎన్నార్ ఒకే సినిమాలో కనిపిస్తే మా నాన్న తరం ఎంత సంబరపడిందో, నాకు ఆ అట్ట చూస్తే అంత సంబరం. పోటీ కంపెనీలు రెండూ తమ అహాన్ని పక్కనపెడితే తప్ప అలాంటి పుస్తకం పుట్టదు. దాని విలువంతా అందులోనే ఉందని నా నమ్మకం.

అహం పక్కకు పోనప్పుడు ఏమవుతుందో కూడా చూశాం. డీసీ హీరోల జట్టు జస్టిస్ లీగ్, మార్వెల్ హీరోల జట్టు అవెంజర్స్ కలిసే కథను 1983లోనే మొదలుపెట్టారు. జార్జ్ పెరెజ్ ఇరవై పేజీల దాకా గీశాక, కథ విషయంలో రెండు ఆఫీసుల మధ్య పేచీ వచ్చి ఆగిపోయింది. అది పాఠకుల చేతికి రావడానికి 2003 దాకా పట్టింది. కర్ట్ బ్యూసిక్ రాశాడు. బొమ్మలు మళ్లీ పెరెజ్‌వే. నాలుగు సంచికలు. పేరు కూడా వంతులవారీగా వేశారు, ఒక సంచికలో ఒక జట్టు ముందు, తర్వాతి దానిలో రెండో జట్టు ముందు. మూడో సంచిక అట్ట మీద రెండు జట్లలోనూ ఎప్పుడైనా సభ్యులుగా ఉన్న ప్రతి ఒక్కరినీ గీశాడాయన. అంత గుంపులోనూ ఎవరి ముఖం వాళ్లదే, ఎవరి నిలబడే తీరు వాళ్లదే. పాఠకుడి మీద ప్రేమ లేనివాడు అంత పని పెట్టుకోడు.

మధ్యలో 1996 ఒకటుంది. ఆ ఏడు రెండు కంపెనీల హీరోలకూ పోటీలు పెట్టి, అందులో ఐదింటి ఫలితాన్ని పాఠకుల ఓట్లకు వదిలేశారు. మార్వెల్ వాళ్ల స్టార్మ్ చేతిలో డీసీ వాళ్ల వండర్ వుమన్ ఓడిపోవడం నాకిప్పటికీ మింగుడుపడదు. అయినా ఆ ఓటు మనదే కదా! అదే ఏడాది డిసెంబరులో మార్వెల్ దివాలా పిటిషన్ వేసింది.

దానికి బీజం ముందే పడింది. 1991లో మార్వెల్ వాళ్ల ఎక్స్-మెన్ కొత్త సిరీస్ మొదటి సంచిక 80 లక్షల కాపీలకు పైగా అమ్ముడైంది. చదివేవాళ్లు అంతమంది ఎక్కడున్నారు? ఐదు రకాల కవర్లు వేశారు. రేపు ధర పెరుగుతుందని ఒక్కొక్కరూ ఐదూ కొని ప్లాస్టిక్ కవర్లలో దాచుకున్నారు. మరుసటి ఏడాది సూపర్‌మ్యాన్ చనిపోయిన సంచిక నల్ల కవరులో సీల్ చేసి వచ్చింది. విప్పితే విలువ పోతుందని చాలామంది విప్పనే లేదు. దాచినవాళ్లందరి దగ్గరా అదే పుస్తకం ఉన్నప్పుడు దానికి ధర ఎలా పలుకుతుంది? ఆ మోజు తీరాక షాపులు వరసగా మూతపడ్డాయి. ఆ గందరగోళంలోనే మార్వెల్ సొంత పంపిణీ మొదలుపెడితే మిగతా పంపిణీదార్లు దెబ్బతిని, చివరికి డైమండ్ ఒక్కటే పెద్దదిగా మిగిలింది. అది కూడా 2025 జనవరిలో దివాలాకు వెళ్లింది.

ఇవాళ గోడ మీద ఆ కవర్లన్నీ చూస్తుంటే నాకు కోపం వచ్చింది. ముప్పై ఏళ్ల కిందట కొంప ముంచిన పద్ధతినే ఇంకా పట్టుకుని వేలాడుతున్నారు. పైగా ఒకే కంపెనీ హీరోలందరినీ ప్రతి ఏడాదీ ఏదో ఒక మహాయుద్ధంలోకి దింపుతున్నారు. అందరూ రోజూ కలుస్తుంటే ఇక కలయికకు ఎదురుచూపు ఏముంటుంది?

భోజనాలయ్యాక పెరెజ్ పుస్తకం తీసి టేబుల్ మీద పెట్టాను. మా అమ్మాయి మాంగా, అంటే జపాన్ కామిక్స్ తప్ప ఏదీ ముట్టుకోదు. వాళ్ల స్కూల్లో పిల్లలందరూ అంతే, లైబ్రరీ నుంచి గుట్టలుగా తెచ్చుకుంటారు. బొమ్మల కథలంటే పిల్లలకు మోజు తగ్గిందనుకోవడానికి లేదు. మూడో సంచిక అట్ట చూసి ఆగింది.

"వీళ్లందరి పేర్లూ నీకు తెలుసా నాన్నా?"

తెలిసినవన్నీ చెప్పాను. వెనక వరసలో కొందరి దగ్గర తడబడ్డాను. అది ఫోనులో వెతికి తనే చెప్పడం మొదలుపెట్టింది. పడుకోమని వాళ్లమ్మ రెండుసార్లు కేకేసినా లేవలేదు. మొదటి సంచిక తన గదికి పట్టుకుపోతానంది. ప్లాస్టిక్ కవరులోంచి తీసి ఇచ్చాను.