తీగ ఎందుకు తెగుతుంది?

ఈ రోజు నేను నలుగురికి నగల పని నేర్పగలుగుతున్నానంటే, అందులో సగం మా బాపు చలవ, సగం నేను చదువుకున్న మన బడిలో ఫిజికల్ సైన్స్ చెప్పిన సారు చలవ. బాపు దగ్గర చెయ్యి తిరిగింది. ఆ చెయ్యి చేసే పనికి కారణం మాత్రం మన బడిలోనే తెలిసింది.

కరీంనగర్‌లో మా ఇంటి ముందు గదే దుకాణం. వెండి తీగ పని మా ఇంటి వృత్తి. తొమ్మిదో తరగతిలో లోహాల పాఠం వచ్చినప్పుడు సారు నన్ను లేపి, "మీ ఇంట్లో కమ్మచ్చు ఉంటుంది కదా, రేపు పట్టుకు రా" అన్నారు. చిల్లుల వరుసలున్న ఆ ఉక్కు పలకను ప్రయోగశాల బల్లకు బిగించి, రాగి తీగను పెద్ద చిల్లులోంచి చిన్న చిల్లులోకి నా చేతే లాగించారు. కొన్ని చిల్లులు దాటాక తీగ బిరుసెక్కి పుటుక్కున తెగింది. ఎందుకు తెగిందని అడిగారు. అలాంటప్పుడు తీగను ఎర్రగా కాల్చాలని తెలుసు గాని, ఎందుకు కాల్చాలో నాకు తెలియదు. లోహంలో కంటికి కనబడని స్ఫటికాలు ఉంటాయని, లాగేకొద్దీ అవి నలిగి, ఇక జరగలేక బిగుసుకుపోతాయని, కాల్చినప్పుడు వాటి స్థానంలో కొత్త స్ఫటికాలు పుడతాయని సారు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పారు. ఆ సాయంత్రం బాపు ఈ సంగతంతా నాతో రెండుసార్లు చెప్పించుకుని విన్నారు. మా వృత్తికి తరగతి గదిలో అంత గౌరవం దక్కడం నేను చూడటం అదే మొదలు.

వెండి తీగ పని గురించి కొత్త తరానికి కొంచెం చెప్పాలి. ఎలగందులలో వేళ్లూనుకుని కరీంనగర్‌కు వచ్చిన పని ఇది. 2007లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పన్నీరు బుడ్లు, అత్తరు దానులు, నగల పెట్టెలు, చెవి కమ్మలు అన్నీ తీగతోనే అల్లుతాం. సన్నని తీగలు రెండింటిని మెలిపెట్టి, నొక్కి చదును చేస్తే అంచున గింజల వరుసలా మెరుస్తుంది. దాన్ని శ్రావణంతో, అంటే చిన్న పట్టకారుతో, చుట్టలు చుట్టి, మందపు తీగతో కట్టిన చట్రంలో ఇరికిస్తాం.

అసలు కష్టమంతా అతుకు దగ్గరే. మేలిమి వెండి 961 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అతకడానికి వాడే టంకం, అంటే రాగి, జింకు కలిసిన వెండి, అంతకు ముందే కరగాలి. ఆ రెండింటి మధ్యనున్న కాస్త ఎడంలోనే మా బతుకుతెరువు ఉంది. టంకం పొడిలో వెలిగారం (బోరాక్స్) కలిపి చల్లి, మంటను ముందు చట్రం చుట్టూ తిప్పాలి. నేరుగా నడుమ పెడితే వెంట్రుకంత తీగ చట్రం కంటే ముందే కాగి ముద్దయిపోతుంది. చట్రం ఎర్రబారాక మంట మెల్లగా లోపలికి రావాలి. ఒక్క క్షణం టంకం తళుక్కుమని పారుతుంది. మంట తీసేయాల్సింది అప్పుడే. బాపు ఆ మెరుపును చూపించేవారు. అది టంకం కరిగిన గుర్తని, వెలిగారం లోహం మీది మలినాన్ని తనలో కలుపుకుని టంకానికి దారి ఇస్తుందని నేను నా శిష్యులకు ముందే చెబుతాను.

ఇంట్లో పుట్టిన పిల్లవాడికి చూసి నేర్చుకోవడానికి ఏళ్ల సమయం ఉంటుంది. శిక్షణ శిబిరానికి వచ్చే డిగ్రీ అమ్మాయికి ఉండేది కొన్ని వారాలే. కారణం తెలిస్తే ఆ తక్కువ సమయంలోనూ చెయ్యి దారిలో పడుతుంది. ఇది నా అనుభవం. నగల పని ఇంటి గడప దాటకూడదనే పాత మాటను నేను ఒప్పుకోను. గడప దాటకపోతే ఈ పని మా తరంతోనే ఆగిపోతుంది.

వర్క్‌షాపులకు వెళ్లే అలవాటు నాకు ఇప్పటికీ ఉంది. నేర్పడానికి కొన్ని, నేర్చుకోవడానికి కొన్ని. పెంబర్తిలో ఇత్తడి రేకును వెనుక నుంచి కొట్టి బొమ్మ లేపుతుంటే, కాసేపటికోసారి దాన్ని మళ్లీ కాల్చడం గమనించాను. సారు చెప్పిన పాఠమే, లోహం వేరు. ఆదిలాబాద్ వైపు ఉషేగావ్‌లో ఇత్తడి పోత పోసే ఓజాల పని చూసినప్పుడు మాత్రం నా లెక్క తారుమారైంది. మట్టి దిమ్మె మీద మైనపు దారాలు చుట్టి, పైన మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలోకి ఇత్తడి పోస్తారు. చూడటానికి మా తీగ పనిలాగే ఉంటుంది. కానీ అక్కడ లాగడం లేదు, అతకడం లేదు. ఆ పెద్దల ముందు కూర్చుని మైనపు దారం చుట్టిన రోజు, నా వయసు మరిచిపోయాను.

డ్రాయింగ్ సారు రుణం కూడా ఉంది. ఆయన మమ్మల్ని రామప్ప గుడికి తీసుకెళ్లి, మదనికల, అంటే అక్కడి స్త్రీ శిల్పాల, నగలు మాత్రమే గీయమన్నారు. 1213 నాటి ఆ గుడిలో నల్లరాతి మీద దండ కడియాలు, హారాలు, అందెలు ఎంత స్పష్టంగా ఉంటాయో, ఏ పూస ఎక్కడ వేలాడాలో శిల్పికి ఎంత బాగా తెలుసో అప్పుడే చూశాను. ఇప్పుడు నా శిష్యులను కూడా అక్కడికి తీసుకెళ్తాను. ఫోనులో ఫొటో తీయనివ్వను, పెన్సిల్‌తో గీయాల్సిందే.

బడి యాజమాన్యానికి, తోటి పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. వేసవి సెలవుల్లో తొమ్మిదో తరగతి పిల్లలకు నగల పని నేర్పుతాను. ఆడపిల్లలు, మగపిల్లలు ఎవరైనా రావచ్చు, కులం అడగను. పనిముట్లు, గ్యాసు దీపం నేనే తెస్తాను. వెండి ఖరీదు ఎక్కువ కనుక రాగి తీగతో మొదలుపెడదాం. గాలి బాగా ఆడే గది ఒకటి, నాలుగు గట్టి బల్లలు కావాలి. సైన్స్ చెప్పే ఉపాధ్యాయులు ఎవరైనా మాతో కూర్చుంటే మరీ సంతోషం.