హోసు విప్పేటప్పుడు

మొదటి రోజే అన్న నాకు చెయ్యి ఎత్తడం నేర్పాడు. అరచెయ్యి అవతలివాడి మొహానికి కనపడాలి, మోచెయ్యి వంగకూడదు. "ఇలా ఎత్తావంటే ఇక్కడ ఎవడైనా ఆగాల్సిందే తమ్ముడూ, మేనేజరైనా సరే. నీకు భాష వచ్చేదాకా ఇదే నీ భాష" అన్నాడు. ఆ యార్డులో నాకన్నా తొమ్మిదేళ్లు సీనియర్. తెలుగు మాట్లాడేది మేమిద్దరమే.

చెప్పుకోవడానికి నా పని చిన్నదే. ఫ్యాక్టరీకి ప్రొపేన్ ట్యాంకర్ వస్తే దగ్గరుండి దించుకోవాలి. బండి, దాని పంపు, హోసు పైపు డ్రైవరు చూసుకుంటాడు. మా నిల్వ ట్యాంకు, దాని వాల్వులు, గేజీలు నేను చూసుకోవాలి. దించుతున్నంతసేపూ ఇద్దరిలో ఎవరూ అక్కణ్ణుంచి కదలకూడదు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఏం పని అని అడిగితే "గ్యాస్ బండి పక్కన నిలబడతాను" అని చెప్పేవాణ్ణి. అబద్ధమేం కాదు. పనిలో ముప్పావు వంతు నిలబడి చూడటమే. కాకపోతే ఏం చూడాలో తెలియడానికి ఏడాది పట్టింది.

వచ్చే డ్రైవర్లు సగం మంది నాలాగే బయటి దేశాలవాళ్లు. ఒక్కొక్కరిది ఒక్కో భాష, అందరికీ అరకొర ఇంగ్లీషు. ఒకసారి ఎంతవరకు నింపాలని డ్రైవరు అడిగితే "ఎయిటీ" అన్నాను. అతనికి "ఎయిటీన్" అని వినిపించింది. ట్యాంకులో అప్పటికే 30 శాతం ఉంది కాబట్టి పగలబడి నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ రోజు నుంచి అంకె ఏదైనా నోటితో చెప్పను, పలక మీద సుద్దముక్కతో రాసి చూపిస్తాను. అతను వేలు పెట్టి చూపించి తల ఊపాలి, అప్పుడే వాల్వు తిప్పుతాను.

ఆ 80 దగ్గర ఎందుకు ఆగాలో కూడా అన్నే చెప్పాడు. ద్రవ ప్రొపేన్ వేడికి నీళ్ల కంటే చాలా రెట్లు ఎక్కువగా ఉబ్బుతుంది. పొద్దున చలిలో ట్యాంకు అంచుదాకా నింపితే మధ్యాహ్నం ఎండకి దానికి జాగా చాలదు, సేఫ్టీ వాల్వు తెరుచుకుని గ్యాసు ఆకాశంలోకి చిమ్ముతుంది. అందుకే పైన ఖాళీ వదలాలి. గేజీ ముల్లు ఒక్కదాన్నే నమ్మకుండా ట్యాంకు మీద చిన్న బ్లీడ్ వాల్వు కూడా పెట్టారు. దాని గొట్టం లోపల సరిగ్గా 80 శాతం ఎత్తుదాకా దిగి ఉంటుంది. కాస్త వదులు చేసి పెడితే ముందు సన్నగా గ్యాసు వస్తుంది, కంటికి కనపడదు. ద్రవం ఆ ఎత్తుకి చేరిన క్షణాన తెల్లటి తుంపర ఎగజిమ్ముతుంది. ఆ తెలుపు కనపడిందంటే చెయ్యి ఎత్తడమే.

బండి వచ్చాక చేసేవన్నీ చెప్పను, చాలావరకు ఎవరికైనా తోచేవే. బండి మూతి బయటి గేటు వైపు ఉండాలి, తేడా వస్తే వెనక్కి తిప్పుకునే పని లేకుండా వెళ్లిపోవడానికి. చక్రాల కింద దిమ్మెలు పెట్టాలి. ఫోన్లు, లైటర్లు గేటు దగ్గరి డబ్బాలో వేసి రావాలి. బండి మీద పేరుకున్న స్థిర విద్యుత్తు నిప్పురవ్వ కాకుండా నేలలోకి పంపే ఎర్త్ వైరు సంగతి మాత్రం చెప్పాలి. హోసు తగిలించే ముందే బండికి ఎర్త్ క్లిప్పు పెట్టాలి, హోసు విప్పాకే తియ్యాలి. కొత్తలో నేను క్లిప్పు తీసుకెళ్లి పెయింటు వేసిన బంపరుకి పెట్టాను. అన్న ఏమీ అనకుండా క్లిప్పు తీసి, మెరుస్తున్న ఉత్త ఇనుము దొరికే చోట పెట్టి, దాని పళ్లు లోహాన్ని కరిచేలా రెండుసార్లు అటూ ఇటూ తిప్పాడు. పెయింటు మీద పెట్టిన క్లిప్పు అలంకారానికే పనికొస్తుంది.

ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. అంటే మేం పనిచేసే మంచులో కూడా అది మరగడానికి సిద్ధంగానే ఉంటుంది, ఒత్తిడి పెట్టి ద్రవంగా ఆపుతున్నాం అంతే. బయటపడితే ఒక లీటరు ద్రవం దాదాపు 270 లీటర్ల గ్యాసు అవుతుంది. ఆ గ్యాసు గాలికి ఒకటిన్నర రెట్లు బరువు. పైకి పోకుండా నేల పట్టుకుని పారుతుంది, కాలవల్లో, గుంటల్లో దూరి కూర్చుంటుంది. గాలిలో 2.1 నుంచి 9.5 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ చాలు. లీకైనప్పుడు కనపడే తెల్లటి మబ్బు నిజానికి గాలిలోని తేమ. మండే గ్యాసు ఆ మబ్బు అంచు దాటి కూడా ఉండొచ్చు. వాసన కోసం కలిపే మెర్కాప్టాన్ కూడా కాసేపటికి ముక్కుకి అలవాటైపోతుంది. వాసన పోయిందంటే లీకు ఆగిందని అర్థం కాదు.

శిక్షణ క్లాసులో చెప్పిన వాటిలో ఒక సంఘటన నన్ను వదల్లేదు. 1996 సెప్టెంబరులో అమెరికాలో, నార్త్ కరోలినా రాష్ట్రంలోని శాన్‌ఫర్డ్‌లో ఒక డ్రైవరు నిల్వ ట్యాంకుల్లోకి ప్రొపేన్ దించుతున్నాడు. హోసు ఊడిపోయింది. అతను ఇంజన్ ఆపాడు, దాంతో పంపు ఆగింది. కానీ ట్యాంకరు అడుగున ఉండే వాల్వును మూసే రిమోట్ దాకా వెళ్లలేకపోయాడు. ప్రవాహం మరీ పెరిగితే దానంతటదే మూసుకోవాల్సిన ఎక్సెస్ ఫ్లో వాల్వు మూసుకోలేదు. అటువైపు నిల్వ ట్యాంకుల నుంచి వెనక్కి రాకుండా ఆపాల్సిన వాల్వు కూడా పనిచెయ్యలేదు. 35 వేల గ్యాలన్లకు పైగా ద్రవ ప్రొపేన్ బయటికి పోయింది. అంటే లక్షా 30 వేల లీటర్ల పైమాటే. అదృష్టం కొద్దీ అంటుకోలేదు. ఆ తర్వాత 1999లో అక్కడ నిబంధన మార్చారు: దించేటప్పుడు హోసు ఊడితే పెద్ద ట్యాంకరు మనిషి ప్రమేయం లేకుండా 20 సెకన్లలో తనంతట తాను మూసుకోవాలి.

క్లాసులో అందరూ ఆ 20 సెకన్ల గురించి మాట్లాడుకున్నారు. నేను మాత్రం రిమోట్ దాకా వెళ్లలేకపోయిన ఆ మనిషి గురించే ఆలోచించాను. ఇప్పటికీ ఏ ట్యాంకరు వచ్చినా ముందు అంతా ఆపేసే ఎర్ర బటన్ ఎక్కడుందో చూసుకుంటాను, రెండోది ఎక్కడుందో కూడా. గాలి ఎటు వీస్తోందో చూసి, ఏ బటన్ వైపు పరుగెత్తాలో మనసులో ఖాయం చేసుకుంటాను. ఎక్సెస్ ఫ్లో వాల్వు ఉందిలే అనుకోను. ప్రవాహం ఒక హద్దు దాటితేనే అది మూసుకుంటుంది, చిన్న లీకుని పట్టించుకోదు.

నాకు తగిలింది అలాంటి చిన్న లీకే.

రెండో ఏడాది చలికాలం, ఇంకా తెల్లారలేదు. డ్రైవరు తొందరలో ఉన్నాడు, మధ్యాహ్నంలోపు ఇంకో రెండు చోట్ల దించాలట. పంపు మొదలైన పది నిమిషాలకి నాకు మా వైపు కప్లింగ్ మీద, అంటే హోసుని మా పైపుకి కలిపే బిగింపు మీద, అనుమానం వచ్చింది. చలికాలం హోసంతా తెల్లగా మంచు పట్టి ఉంటుంది కాబట్టి మంచుని చూసి ఏమీ చెప్పలేం. కానీ ఈ మంచు కప్లింగ్ కింద ఒక్కచోటే ముద్దగా, కుచ్చులా పెరుగుతోంది. సబ్బునీళ్లు కొట్టాను. ఆ చలికి సబ్బునీళ్లు కూడా గడ్డకడతాయి, గడ్డకట్టని రకం సీసా ఒకటి లోపలి జేబులో పెట్టుకుంటాను. ముందు రెండు బుడగలు. తర్వాత గుప్పెడు.

చెయ్యి ఎత్తాను. డ్రైవరు చూశాడు, "లిటిల్, లిటిల్" అన్నాడు. పంపు ఆపలేదు.

నిజం చెప్పాలంటే ఓ రెండు క్షణాలు నేను కూడా ఆగాను. నా వీసా కంపెనీ చేతిలో ఉంది. లైను ఆపితే ఎవరు ఆపారని రాసుకుంటారు. అంతకు ముందు నెలే ఒకడు ఊరికే ఆపాడని సూపర్‌వైజరు అందరి ముందూ తిట్టాడు. అప్పులు తీర్చుకోవడానికి వచ్చినవాడికి ఇవన్నీ గ్యాసుకన్నా ముందు గుర్తొస్తాయి. శిక్షణలో ఈ మాట ఎవరూ చెప్పరు. ఎర్ర బటన్ నొక్కాను.

పంపు చప్పుడు ఆగింది. యార్డు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది, కప్లింగ్ దగ్గర సన్నటి బుస మాత్రం వినపడుతోంది. నేను మా వాల్వు మూశాను, అతను తన వాల్వు మూశాడు. ఆ కోపంలోనే పానా తీసుకుని నేరుగా కప్లింగ్ మీద పెట్టాడు.

నాకు అసలు భయం వేసింది అప్పుడు. రెండు వాల్వులూ మూసినంత మాత్రాన వాటి మధ్య హోసు ఖాళీ అవదు. 5 మీటర్ల హోసు, లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లు అనుకోండి. దాదాపు 10 లీటర్ల ద్రవం ఉంటుంది. బయటికొస్తే 2,700 లీటర్ల గ్యాసు. అంతకన్నా ముందు ఆ మైనస్ 42 డిగ్రీల ద్రవం అతని చేతుల మీద, మొహం మీద పడుతుంది. చర్మం మీద పడితే కాలినట్టే బొబ్బలెక్కుతుంది. గ్లోవ్స్‌లోకి దిగితే ఇంకా ఘోరం. పరుగెత్తి అతని మొహం ముందు అరచెయ్యి పెట్టాను. ఇంగ్లీషు నోటికి రాలేదు. "ఆగు! ఆగు!" అని అరిచాను.

ఆగాడు. నా గొంతు విని ఆగాడనుకుంటాను.

హోసుకుండే బ్లీడ్ వాల్వు కొద్దికొద్దిగా తెరిచి, గాలికి గ్యాసు కొట్టుకుపోయే వైపు నిలబడకుండా హోసు ఖాళీ చేశాం. కాసేపటికి గేజీ సున్నాకి వచ్చింది. అతను మళ్లీ పానా అందుకున్నాడు. నేను మళ్లీ చెయ్యి ఎత్తాను. ఇక్కడే చాలామంది మోసపోతారు. ప్రొపేన్ మరుగుతున్నకొద్దీ తనను తానే చల్లబరుచుకుంటుంది. మైనస్ 42 దాకా చల్లబడ్డాక మరగడం మందగిస్తుంది, ఒత్తిడి పోతుంది, గేజీ సున్నా చూపిస్తుంది. ద్రవం మాత్రం హోసు వంపులో అలాగే పడుకుని ఉంటుంది. కాస్త వెచ్చబడితే మళ్లీ లేస్తుంది. వేలాడే వంపు దగ్గర మంచు మందంగా ఉందని అతనికి చూపించాను. హోసు ఎత్తి పట్టుకుని, దించి, మళ్లీ ఎత్తాం. ముల్లు కదిలింది. అది చూసి అతను ఏదో తన భాషలో గొణిగాడు, అర్థం కాలేదు కానీ తిట్టు కాదని తెలిసింది.

మొత్తం ఇరవై ఐదు నిమిషాలు. విప్పి చూస్తే, లీకు కాకుండా కప్లింగ్ మధ్యలో వేసే గాస్కెట్ ఒకవైపు తెగి, నాలుకలా బయటికి వచ్చి ఉంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని తన భాషలో దాని పేరు చెప్పాడు. నేను "ఆగు" అంటే ఏమిటో చెప్పాను. మూడుసార్లు పలికాడు, ఒక్కసారి కూడా కుదరలేదు. కొత్త గాస్కెట్ వేసి, సబ్బునీళ్లతో మళ్లీ చూసి, మిగతాది దించుకున్నాం. సూపర్‌వైజరు వచ్చి ఎందుకు ఆలస్యమైందని అడిగాడు. తెగిన గాస్కెట్ చూపించాను. ఫారం ఇచ్చి రాయమన్నాడు, వెళ్లిపోయాడు. తిట్టలేదు. అంతకన్నా ఏమీ ఆశించలేదు కూడా.

తర్వాత అతను మా యార్డుకి రాలేదు, రూటు మార్చారని విన్నాను. వేసవి మొదట్లో ఓ కొత్త డ్రైవరు వచ్చాడు, ముందెన్నడూ చూడని మనిషి. ఆ రోజు నాకు వరసగా రెండో షిఫ్టు, కళ్లు మండుతున్నాయి. హోసు మూతి అందుకుని మా కప్లింగ్ దగ్గరికి నడిచాను. వెనకనుంచి కేక.

"ఆగూ!"

తిరిగి చూశాను. చెయ్యి నిటారుగా ఎత్తి నిలబడ్డాడు, అరచెయ్యి నా మొహం వైపు. రెండో చేత్తో కింద చూపిస్తున్నాడు. ఎర్త్ వైరు ఇంకా చుట్టకి చుట్టగా స్తంభానికే వేలాడుతోంది.