మూడు బస్సులూ ఒకేసారి ఎందుకొస్తాయి?

నేను ఆఫీసుకి వెళ్లే రూటులో పది నిమిషాలకో బస్సు అని బోర్డు మీద ఉంటుంది. అబద్ధమేం కాదు, గంటకి ఆరూ వస్తాయి. కాకపోతే అరగంట పాటు ఒక్కటీ కనబడదు, తర్వాత మూడు ఒకదాని వెనక ఒకటి దిగుతాయి. మొదటిదాంట్లో కాలు పెట్టే చోటుండదు. మూడోది దాదాపు ఖాళీ. నేను మూడోదే ఎక్కుతాను, హాయిగా కిటికీ సీటు.

స్టాపులో తిట్లన్నీ డ్రైవర్లకే. కబుర్లాడుకుని కలిసి బయల్దేరారంటారు. పాపం, వాళ్ల తప్పేం లేదు. ఏదో సిగ్నల్ దగ్గర ఒక బస్సు రెండు నిమిషాలు ఆగిపోతుంది. ఆలోగా తర్వాతి స్టాపులో ఇంకో నలుగురు చేరతారు. వాళ్లు ఎక్కేసరికి ఇంకాస్త లేటు, ఆ పై స్టాపులో ఇంకా జనం. వెనక బస్సుకేమో ఎక్కేవాళ్లు తగ్గిపోయి చకచకా వచ్చి దీన్ని అందుకుంటుంది. న్యూవెల్, పాట్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1964లోనే దీన్ని లెక్క కట్టి చూపించారు.

సమంగా పది నిమిషాలకొకటి వస్తే మనం సగటున ఐదు నిమిషాలు నిలబడతాం. మూడూ కలిసి అరగంటకోసారి వస్తే పదిహేను. అవే బస్సులు, అవే జీతాలు, అదే డీజిల్. అందుకే ఊరు పెరిగిందని కొత్త బస్సులు కొంటున్నామంటే నాకు సంబరంగా ఉండదు. అవి కూడా వచ్చి ఇదే గుంపులో చేరతాయి.

అసలు టైమ్ పోయేది తలుపు దగ్గర. బ్రెజిల్‌లోని కురిటిబాలో 1991 నుంచి గొట్టంలాంటి స్టేషన్లు పెట్టారు. డబ్బులు ముందే కట్టి లోపల నిలబడతారు, బస్సు రాగానే ఒకే ఎత్తులో అన్ని తలుపుల్లోంచీ ఎక్కేస్తారు. సియోల్‌లో 2004లో బస్సు వ్యవస్థ మొత్తాన్ని మార్చినప్పుడు రోడ్డు మధ్యలో బస్సులకే లేన్లు పెంచుకుంటూ పోయారు. ఇలాంటి లేన్ మీద కార్లవాళ్ల గోల ఒకటే: ఎప్పుడు చూసినా ఖాళీగా ఉంటుందని. బస్సులు ఆగకుండా పోతుంటే ఖాళీగానే కనిపిస్తుంది మరి!

ఇంకో మందు ఉంది, చేదుది. ముందు బస్సుని అందుకోబోతున్నదాన్ని ఏదో స్టాపులో కాసేపు ఆపేయడం. లోపలున్నవాళ్లకి ఒళ్లు మండుతుంది, నాకూ మండుతుంది. అయినా ఆపాల్సిందే. లండన్‌లో తరచుగా నడిచే రూట్లలో, బస్సు టైముకి వచ్చిందా అని కాదు, ఉండాల్సినదానికన్నా జనం ఎంత ఎక్కువసేపు ఎదురుచూశారు అని కొలుస్తారు. అలా కొలిస్తే మధ్య దూరాన్ని కాపాడక తప్పదు. మా దగ్గర డ్రైవర్‌ని అడిగేది ఎన్ని ట్రిప్పులు కొట్టావని మాత్రమే. ఆపితే ట్రిప్పు పోతుంది, ఇంక ఆయనెందుకు ఆపుతాడు?

మా బస్సులన్నిట్లో జీపీఎస్ ఉంది. మూడు చుక్కలు అతుక్కుని వస్తున్న సంగతి స్టాపులో నిలబడ్డ నాకే ఫోన్లో కనిపిస్తోంది. కంట్రోల్ రూములో ఉన్నవాళ్లకి కనిపించదా?