మూలా నక్షత్రం మీద మనం వేసిన ముద్ర

శరన్నవరాత్రుల్లో మూలా నక్షత్రం నాడు విజయవాడ ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గమ్మ సరస్వతీదేవి అలంకారంలో దర్శనమిస్తుంది. మిగతా రోజుల రద్దీ ఒక ఎత్తు, ఆ రోజు రద్దీ ఒక ఎత్తు. తెల్లవారకముందే క్యూలు నిండిపోతాయి. పిల్లలకు చదువు బాగా రావాలని తల్లిదండ్రులు గంటల తరబడి నిలబడతారు. అది చదువుల తల్లి జన్మనక్షత్రమని మన నమ్మకం.

ఇంత భక్తి ఉన్న మనమే పెళ్లి సంబంధాల దగ్గరికి వచ్చేసరికి "అమ్మాయిది మూలా నక్షత్రమట, మామగారికి గండం" అంటూ జాతకం వెనక్కి పంపేస్తాం. ఆశ్లేష అయితే అత్తగారికట, జ్యేష్ఠ అయితే బావగారికట. ఆ పిల్ల ఏం చదివింది, ఎలాంటి మనిషి అన్న మాటే రాదు. ఏ తప్పూ చేయని ఆడపిల్లను పుట్టిన ఘడియను బట్టి దోషిని చేయడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. లక్ష్మణ శత్రుఘ్నులు పుట్టింది ఆశ్లేషలోనే అని వాల్మీకి బాలకాండలో చెప్పాడు. అన్న కోసం పద్నాలుగేళ్లు అడవిలో గడిపిన లక్ష్మణుణ్ణి ఆ నక్షత్రం పేరు చెప్పి ఎవరైనా వద్దంటారా?

నిజానికి జ్యోతిషం ఇంత తొందరపాటు నేర్పదు. శని పేరు వింటేనే మనకు టెన్షన్. పాపగ్రహం అనేస్తాం. కానీ తులా లగ్నంలో, అంటే తూర్పున తులారాశి ఉదయిస్తున్నప్పుడు పుట్టినవారికి ఆయన 4, 5 స్థానాలకు అధిపతి, యోగకారకుడు, అంటే బాగా మేలు చేసేవాడు. ఆయనకు ఉచ్చ రాశి, అంటే ఎక్కువ బలంగా ఉండే రాశి కూడా తులే. పాపగ్రహమనే చెప్పే కుజుడు కర్కాటక లగ్నానికి యోగకారకుడు. శుభగ్రహమని మనం దండం పెట్టే గురువేమో వృషభ లగ్నానికి అష్టమాధిపతి, అంటే కష్టాలను సూచించే ఎనిమిదో స్థానానికి అధిపతి అవుతాడు. అందుకే తెలిసిన సిద్ధాంతిగారు లగ్నం ఏది, గ్రహం ఎక్కడుంది, ఎవరి దృష్టి ఉంది, ఏ దశ నడుస్తోంది అని అన్నీ చూశాకే నోరు విప్పుతారు. మూలలో కూడా పాదానికో (నక్షత్రంలో నాలుగో వంతు) ఫలం చెప్పారు, నాలుగో పాదం మంచిదే అన్నారు. ఒక గ్రహం గురించి మాట్లాడటానికే ఇంత ఓపిక కావాలంటే, ఒక మనిషి గురించి మాట్లాడటానికి ఎంత కావాలి!

భగవద్గీత ఆరో అధ్యాయంలో ఒక శ్లోకం ఉంది:

సుహృన్మిత్రార్యుదాసీన మధ్యస్థద్వేష్యబంధుషు
సాధుష్వపి చ పాపేషు సమబుద్ధిర్విశిష్యతే

మేలు కోరేవాడు, స్నేహితుడు, శత్రువు, ఎటూ పట్టనివాడు, ఇద్దరి మధ్య నిలిచేవాడు, గిట్టనివాడు, చుట్టం, సాధువు, పాపి. వీళ్లందరినీ సమబుద్ధితో చూసేవాడే గొప్పవాడని భావం. లెక్కపెడితే తొమ్మిది రకాల మనుషులు. నాకు వెంటనే నవగ్రహాలు గుర్తొచ్చాయి. గుడిలో ప్రదక్షిణ చేసేటప్పుడు శుభులనీ పాపులనీ విడదీయకుండా తొమ్మిదిమంది చుట్టూ తిరుగుతాం కదా.

ఈ శ్లోకం ఉన్న చోటు కూడా గమనించాలి. ధ్యానానికి ఎక్కడ కూర్చోవాలి, ఆసనం ఎలా ఉండాలి, చూపు ఎక్కడ నిలపాలి అన్నవన్నీ దీని తర్వాతే వస్తాయి. లోపల అందరి మీదా తీర్పులు చెప్పుకుంటూ కళ్లు మూసుకుంటే ఆ తీర్పులే ధ్యానమైపోతాయని నాకు అనిపిస్తుంది. జపానికి కూర్చోగానే వియ్యపురాలి మాటలో, ఆఫీసులో గిట్టనివాళ్ల పనులో గుర్తురావడం మనలో చాలామందికి అనుభవమే.

జాతకాన్ని దయ చూపడానికి కూడా వాడుకోవచ్చు. ఎవరికైనా ఏలినాటి శని అని తెలిస్తే "వాడి ఖర్మ" అని ఊరుకుంటాం, లేదా కొంచెం దూరం జరుగుతాం. ఏడున్నరేళ్ల కష్టకాలమని మనమే నమ్ముతున్నప్పుడు, ఆ మనిషి విసుక్కున్నా, అప్పు తీర్చడం ఆలస్యమైనా, ఇంకొంచెం ఓర్చుకోవాలి కదా. శనివారం శనిదేవుడి పేరున నువ్వుల నూనెతో దీపం పెట్టాక, ఆ ఇంటికి ఒకసారి వెళ్లి ఎలా ఉన్నారో అడిగి రండి.