పన్నెండో వరసలో టిక్కు

నా మొదటి కథ అచ్చు కావడానికి నాలుగేళ్లు పట్టింది. ఈలోగా పదకొండు కథలు వెనక్కి వచ్చాయి. వచ్చాయనడం కూడా ఎక్కువే, సగానికి అసలు జవాబే లేదు. కథ మెయిల్ చేసి, ‘ఇది నా సొంత రచన, అనువాదమూ అనుకరణా కాదు, మరే పత్రిక పరిశీలనలోనూ లేదు’ అని హామీపత్రం జతచేసి కూర్చోవడం. ఆ ఒక్క మాట వల్ల అదే కథను ఇంకో చోటికీ పంపలేం. రోజుకు నాలుగుసార్లు మెయిల్ తెరిచి చూసేదాన్ని. ఆ టెన్షన్‌లో కొత్తగా ఒక్క పేజీ రాస్తే ఒట్టు.

చివరికి మా అబ్బాయి పాత లెక్కల నోట్‌బుక్‌లో గళ్లు గీశాను: కథ పేరు, పంపిన తేదీ, మళ్లీ అడగాల్సిన తేదీ. ఆ తేదీ దాకా దాని ఊసెత్తకూడదు. పంపిన రాత్రే తర్వాతి కథకు మొదటి వాక్యం రాసి పడుకోవాలి, ఎంత చెత్తగా ఉన్నా సరే. ఈ నియమం నేను అనుకున్నదానికన్నా బాగానే నిలబడింది.

కథలు బాగుపడింది మాత్రం మా అత్తయ్య వల్ల. కంటి ఆపరేషన్ అయి ఆవిడ మంచం మీద ఉన్నప్పుడు పొద్దుపోక చదివి వినిపించమన్నారు. చేపలమ్మే మనిషి కథ చదివాను. సగంలో ఆపేశారు. ‘‘ఏటే, చేపలమ్ముకునేది నా మనోభావాలు అంటాదేటి?’’ అన్నారు. నాకు ముఖం మాడిపోయింది. కానీ ఆ తర్వాత ప్రతి కథా ఆవిడకే చదివాను. ఆవిడ విమర్శ ఏమీ చెయ్యరు, విసుగొస్తే రాత్రికి కూరేంటని అడుగుతారు. అడిగిన చోట పెన్సిల్‌తో గీత పెట్టేదాన్ని. చూస్తే గీతలన్నీ మొదటి పేజీలోనే! నా కథలన్నీ తెల్లవారుతూ మొదలయ్యేవి మరి. సూర్యుడు, మంచు, కాకులు. అవన్నీ కొట్టేశాను.

ఒక వేసవిలో శ్రీకాకుళం కథానిలయానికి వెళ్లాను. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన ఆ గ్రంథాలయం తెలుగు కథల కోసమే. పాత పత్రికలు తిరగేస్తుంటే ఎప్పుడూ వినని పేర్లు ఎన్నో. వాటిలో ఒక కథ, నేను రాద్దామనుకుంటున్నదే, నా ఊహకన్నా బాగా రాసి ఉంది. మొదట సిగ్గేసింది, తర్వాత నవ్వొచ్చింది. సాయంత్రం దాకా అక్కడే చదువుతూ కూర్చున్నాను. కథల గురించి ఎవరెవరో చెప్పగా విన్న ఉపన్యాసాలన్నీ కలిపినా ఆ పూటతో సరిరావు.

పన్నెండో కథ అచ్చయింది. పేరు మార్చారు, నేను మురిసిపోయిన చివరి పేరా ఎగిరిపోయింది. రెండు రోజులు అలిగి, మూడో రోజు అచ్చులోది అత్తయ్యకు చదివాను. ఆ పేరా లేదని ఆవిడ గమనించనేలేదు. కూర సంగతీ అడగలేదు.

పదమూడోది మొన్న మంగళవారం తిరిగొచ్చింది.