హార్డ్‌విక్ హాల్ చూశాక

ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో హార్డ్‌విక్ హాల్ అనే పాతకాలపు భవంతి చూసొచ్చాను, ఇంకా దాన్ని కట్టించిన సంపన్నురాలు బెస్ గురించే ఆలోచన. నాలుగో భర్త పోయిన 1590లోనే, అరవై దాటిన వయసులో, ఈ ఇల్లు కట్టడం మొదలుపెట్టి 1597లో కాపురానికి వచ్చేసిందావిడ. గాజు బాగా ఖరీదైన ఆ రోజుల్లో ముందు గోడంతా కిటికీలే, పైగా ఆరు బురుజుల మీదా రాతిలో చెక్కిన తన పొడి అక్షరాలు! రూపకల్పన రాబర్ట్ స్మైత్‌సన్‌దంటారు. మామూలుగా పైకెళ్లేకొద్దీ అంతస్తు ఎత్తు తగ్గుతుంది కదా, ఇక్కడ పెరుగుతుంది, గొప్ప గదులన్నీ పైనే, రాతి మెట్లెక్కి పొడవాటి గ్యాలరీలోకి అడుగుపెడితే ఆ వెలుతురుకి నోట మాట రాలేదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం అక్కడి, బైబిల్లోని గిడియన్ కథ నేసిన తెరలు. 1592లో, ఎలిజబెత్ రాణి కొలువులో పెద్ద పదవి చేసిన క్రిస్టఫర్ హాటన్ వారసుడి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొని, వాళ్ల చిహ్నాల మీద తన చిహ్నాలు వేయించి, ఆడజింకలకు కొమ్ములు పెట్టించి తన వంశపు మగజింకలుగా మార్చేసింది, ఆ ఖర్చు కింద ధరలో 5 పౌండ్లు తగ్గించుకుంది కూడా. ఎంత గట్టి మనిషో! ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లు తప్పకుండా వెళ్లండి, పక్కనే శిథిలమైన ఆవిడ పాత ఇల్లు కూడా చూడండి.