టెట్‌కి (టీచర్ అర్హత పరీక్షకి) చదివే చెల్లెళ్లకి, తమ్ముళ్లకి

నల్గొండలో డీఎడ్ (టీచర్ ట్రైనింగ్ డిప్లొమా) చేసిన మా బ్యాచ్‌లో చాలామంది చేసే మొదటి పని, వేలకు వేలు పెట్టి కోచింగ్ మెటీరియల్ కొనడం. నన్నడిగితే ముందు ఎస్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు, అంటే మన సర్కారు బడి పుస్తకాలే, చదవండి అంటాను. వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతాయి, పైగా పేజీలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దీక్ష యాప్‌లో వీడియోలు కూడా వస్తాయి. పాఠం చివర అభ్యాసాలు మాత్రం వదలకండి, గైడ్లలో ఉండే బిట్లు చాలావరకు అక్కడి నుంచే తీసినవి.

ఒకటి నుంచి ఐదో తరగతి టీచర్ల కోసం పెట్టే పేపర్-1లో 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు, నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఒక్కటీ ఖాళీగా వదలొద్దు. శిశు వికాసం, పెడగాజీకి (బోధనా పద్ధతులకి) 30 మార్కులు. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చెప్పిన పియాజే, వైగాట్‌స్కీ పేర్లు బట్టీ కొడితే ఏం లాభం లేదు, ఎందుకంటే ప్రశ్న "ఒక పిల్లవాడు ఇలా చేశాడు, ఇది ఏ దశ" అని వస్తుంది. టీచింగ్ ప్రాక్టీస్‌కి ఊరి బడికి వెళ్లినప్పుడు అవే నీళ్లు వెడల్పు గ్లాసులోంచి పొడుగు గ్లాసులోకి పోస్తే, రెండో తరగతి పిల్లలు పొడుగు గ్లాసులో నీళ్లే ఎక్కువ అని నాతో గట్టిగా వాదించారు, ఆ రోజు నుంచి పియాజే నాకు టెన్షన్ కాదు.

క్వాలిఫై అయితే చాలులే అనుకోకండి, టీచర్ పోస్టులకి పెట్టే డీఎస్సీ పరీక్షలో టెట్ మార్కులకి 20 శాతం వెయిటేజీ ఉంది. 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు వేశారు, అయినా అర మార్కు తేడాతో ర్యాంకు ఎంత కిందికి పోతుందో రాసినవాళ్లకి తెలుసు.

నా దగ్గర మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా పాత పుస్తకాలు ఉన్నాయి, క్లాక్ టవర్ దగ్గరికి వచ్చి తీసుకునేవాళ్లు మెసేజ్ పెట్టండి. గణితం మాత్రం ఇవ్వను, అది నాకింకా కావాలి.